ధర బోర్డు పెట్టిన పెట్టెల దుకాణం

చిత్తూరు హైరోడ్డు నుంచి పక్కకు తిరిగే ఒక ఇరుకు వీధిలో, సైకిల్ రిపేరు కొట్టుకూ టీ బంకుకూ మధ్య, శవపేటికలు చేసి అమ్మే చిన్న దుకాణం ఒకటి ఉంది. తక్కువ ధరకు, పనితనం చెడకుండా, కొనేవారిని కంగారు పెట్టకుండా పెట్టె ఇచ్చే చోటు ఏదని మన ఊళ్లో ఎవరు అడిగినా నేను ముందుగా చెప్పేది ఈ దుకాణమే. లోపలికి అడుగు పెట్టగానే ఎదురుగోడ మీద నల్లబల్ల కనిపిస్తుంది. మామిడి చెక్క పెట్టె ఎంత, వేప చెక్కది ఎంత, ప్లైవుడ్‌కు సన్‌మైకా అతికించినది ఎంత, టేకుది ఎంత అన్నది దాని మీద సుద్దముక్కతో, ఎవరూ అడగకముందే, రాసి ఉంటుంది. నేను చూసిన నాటికి మామిడి చెక్కది ఆరు వేలు, వేపది తొమ్మిది వేలు, టేకుది ముప్పై వేలకు పైన ఉంది. చావు ఇంటి నుంచి వచ్చినవారికి ఆ నల్లబల్ల చేసే మేలు ఎంతటిదో, వేరే చోట్ల పెట్టెలు కొన్నవారికి బాగా తెలుస్తుంది.

ఎందుకంటే ఈ వ్యాపారంలో ఎవరూ బేరమాడరు. పెండ్లికి పట్టుచీర కొనేటప్పుడు నాలుగు అంగళ్లు తిరిగి, అంచు నలిపి చూసి, లేచి గడప దాకా వెళ్లి మరీ ధర తగ్గించుకునే మనవాళ్లు, ఇంటి పెద్దదిక్కు పోయిన రోజున మాత్రం అడిగినంత ఇచ్చి పెట్టె ఎత్తించుకొని వస్తారు. కన్నతండ్రి పెట్టెకు ధర అడిగితే నలుగురూ ఏమనుకుంటారో అన్న బిడియం ఒకటి, సాయంత్రం నాలుగు గంటలకు భూస్థాపన అని పాస్టరు గారు అప్పటికే ప్రకటించేశారన్న తొందర మరొకటి. ఈ రెండింటినీ బాగా ఎరిగి వాడుకునే అంగళ్లు ఉన్నాయి. మా దగ్గరి బంధువుల ఇంట్లో మరణం జరిగినప్పుడు మేము వెళ్లిన ఒక అంగడిలో, పెట్టె ఎంత పొడవు కావాలని అడగకముందే, పోయినాయన కొడుకు ఏ ఊళ్లో ఏం పని చేస్తాడని అడిగారు. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగమని మాలో ఎవరో చెప్పారు. అంతే, గోడవారన ఉన్న మామూలు పెట్టెలన్నీ వేరేవాళ్లు చెప్పి పెట్టుకున్నవని, ఇత్తడి సిలువ బిగించిన ఖరీదైనదొక్కటే అమ్మకానికి ఉందని అన్నారు. ఆ వేళ వాదించే ఓపిక మాలో ఎవరికీ లేదు.

ఇది మన ఊరి జాడ్యం మాత్రమే కాదు. అమెరికాలో ఈ తంటా ఎంత ముదిరిందంటే, అక్కడి వ్యాపారాల తీరును చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అంత్యక్రియల వ్యాపారం కోసమే ఒక నియమావళిని తయారు చేసి 1984లో అమలులోకి తెచ్చింది. దాని ప్రకారం, వచ్చి అడిగినవారికి ఒక్కొక్క సేవకూ విడివిడిగా ధర రాసిన పట్టికను చేతికి ఇచ్చి తీరాలి. పెట్టెలు చూపించే ముందే వాటి ధరల పట్టిక చూపించాలి. బయట కొని తెచ్చుకున్న పెట్టెను కాదనకూడదు, అందుకు అదనంగా రుసుము వేయకూడదు. ఆ వెసులుబాటు ఉన్నందున 2004లో కాస్ట్‌కో, 2009లో వాల్‌మార్ట్ వంటి పెద్ద దుకాణాలు కూడా శవపేటికలు అమ్మడం మొదలుపెట్టాయి. చిత్తూరులో ఈ దుకాణం నడిపే ఆచారి కుటుంబం మాత్రం ఏ నియమావళీ చెప్పకుండానే సుద్దముక్కతో ఆ పని చేస్తోంది, అందుకే వారి గురించి ఇంత వివరంగా రాయాలనిపించింది.

నన్ను ఆ దుకాణానికి తీసుకువెళ్లింది మా మేనత్త. ఆమె మిషన్ బడిలో చాలా ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరయ్యారు, వయసు ఎనభై దాటింది, పిల్లలు తలా ఒక ఊళ్లో ఉన్నారు. 2025 ఏప్రిల్‌లో పోప్ ఫ్రాన్సిస్ అంత్యక్రియలను టీవీలో మొదటి నుంచి చివరి దాకా చూసినప్పటి నుంచి ఆమెకు ఈ ఆలోచన పట్టుకుంది. అంతకు ముందు పోపులను సైప్రస్ చెక్క పెట్టెలో ఉంచి, దానిని సీసపు పెట్టెలో, దానిని మళ్లీ మరొక చెక్క పెట్టెలో పెట్టి ఖననం చేసే ఆచారం ఉండేది. ఫ్రాన్సిస్ 2024లో ఆ పద్ధతిని మార్పించి, లోపల జింకు రేకు పరిచిన ఒకే ఒక చెక్క పెట్టె చాలని నిర్ణయించారు. మా అత్త రోమన్ క్యాథలిక్ కాకపోయినా ఆ మాట ఆమెకు బాగా నచ్చింది. "అంత పెద్దాయనకే ఒక పెట్టె చాలినప్పుడు, నాకోసం మీరు అప్పు చేసి నగిషీల పెట్టె తేవడమేంది? మీరంతా ఏడ్చే పనిలో ఉంటారు, పెట్టె సంగతి నేను ఉండంగానే చూసి పెడతాను, పద" అని బయలుదేరదీశారు.

దుకాణం యజమాని యాభై ఏళ్ల వడ్రంగి. చిత్రిక పడుతున్నవాడల్లా చేతులు దులుపుకొని వచ్చి, "ఎవరికి కావాలమ్మా?" అని అడిగాడు. "నాకే నాయనా" అని అత్త అన్నారు. చాలామంది ఆ మాటకు "అయ్యో, అట్లా అనకూడదమ్మా" అంటారు. ఆయన అనలేదు. "మంచిది, కూర్చోండి టీచరమ్మా, మీరు మా అన్నకు లెక్కలు చెప్పినారు" అంటూ పక్క టీ బంకు నుంచి స్టూలు తెచ్చి వేశాడు. ఆ తరువాత జాకెట్టుకు కొలతలు తీసుకునే దర్జీలాగా, ఎంతో నిమ్మళంగా, టేపుతో ఆమె ఎత్తు, భుజాల వెడల్పు కొలిచి, చెవి వెనుక పెన్సిల్ తీసి చెక్కముక్క మీద రాసుకున్నాడు. ఎత్తు మీద నాలుగు అంగుళాలు, భుజాల మీద రెండు మూడు అంగుళాలు కలుపుకోవాలని, తలకింద దిండు పెడతారు కాబట్టి లోతు కూడా అందుకు తగ్గట్టు చూసుకోవాలని వివరించాడు. అత్త ఆ కూడికలన్నీ మనసులో సరిచూసి తల ఊపారు.

ఇక చెక్క విషయం. చిత్తూరు ప్రాంతం తోతాపురి మామిడికి పేరు పడింది. గుజ్జు ఫ్యాక్టరీలకు పోయే ఆ కాయను మనవాళ్లు బెంగళూరా అంటారు. కాపు తగ్గిన ముసలి చెట్లను కొట్టేసినప్పుడు ఆ మాను కోత మిల్లులకు చేరుతుంది. మామిడి చెక్కకు చెద, పురుగు తొందరగా పడతాయి కాబట్టి తలుపులకూ దూలాలకూ దానిని వాడరు, అందుకే చవక. నేలలో పెట్టే పెట్టెకు ఆ గుణమే మేలు. మన సమాధుల తోటలలో చోటు కరువైపోయి, అదే గుంటలో కొన్నేళ్ల తరువాత ఆ కుటుంబంలోని మరొకరిని పెట్టడం మామూలైన ఈ రోజుల్లో, త్వరగా మన్నులో కలిసిపోయే చెక్కే అందరికీ సౌకర్యం. టేకు పెట్టెలో పెడితే శరీరం చాలాకాలం చెడకుండా ఉంటుందని కొందరు అమ్మకందారులు చెబుతారు. అది నిజం కాదు. భూమిలోకి వెళ్లిన శరీరాన్ని ఏ పెట్టే కాపాడలేదు, అటువంటి మాట చెప్పి పెట్టెలు అమ్మడాన్ని నేను పైన చెప్పిన అమెరికా నియమావళి కూడా నిషేధించింది. ఈ ఆచారి మాత్రం, "టేకు మీ పిల్లల మంచానికి కొనండి సార్, మట్టికి మామిడే చాలు" అని నాకు నేరుగా చెప్పాడు. ముప్పై వేల సరుకు ముందు పెట్టుకొని ఆరు వేలది కొనమని చెప్పే వ్యాపారిని నేను మరే రంగంలోనూ చూడలేదు.

మామిడి పెట్టెను దగ్గరగా పరిశీలించాను. భుజాల దగ్గర వెడల్పుగా ఉండి పాదాల వైపు సన్నబడే పాత నమూనా అది. ఆ వంపు రావడానికి పక్క పలకకు లోపలి వైపు అడ్డంగా, సగం మందం దాకా, దగ్గర దగ్గరగా రంపపు కోతలు పెట్టి, వేడినీళ్లు పోసి నానబెట్టి మెల్లగా వంచుతారు. ఆ కోతలు ఎగుడుదిగుడుగా ఉంటే వంపు దగ్గర చెక్క చిట్లుతుంది. ఇక్కడి పెట్టెలో అవి గీత గీసినట్టు సమంగా ఉన్నాయి. అడుగు చెక్కను మేకులతో సరిపెట్టకుండా స్క్రూలతో బిగించారు, మూలల్లో లప్పం పూసి ఉప్పు కాగితంతో రుద్దారు. లోపల మొదట పలుచని ప్లాస్టిక్ పట్టా, దాని మీద రంపపు పొట్టు, ఆ పైన దూది పరిచి తెల్ల శాటిన్ గుడ్డ కప్పుతారు. పొట్టు ఎందుకని అడిగితే తేమను పీల్చుకోవడానికని చెప్పాడు. గుడ్డ అంచుకు లేసు కుట్టేది ఆయన భార్య. చుట్టూ కుచ్చులు సమానంగా రావడానికి ఆమె ముందు దారంతో వదులుగా కుట్టి, కుచ్చులన్నీ సర్ది, ఆ తరువాతనే చిన్న మేకులు కొడుతుంది.

అక్కడే అత్త బేరానికి దిగారు. "లేసు తీసేస్తే ఎంత తగ్గిస్తావు?" అని అడిగారు. ఐదు వందలు తగ్గుతుందన్నాడు. "ఐగుప్తులో యోసేపును పెట్టెలో పెట్టినారని ఆదికాండంలో ఉండాది గాని, ఆ పెట్టెకు లేసు కుట్టినారని ఏడా లేదు నాయనా. మన ప్రభువుకైతే పెట్టే లేదు, నారబట్టే కదా, సమాధి కూడా అరిమతయియ యోసేపుది" అని ఆమె అనగానే దుకాణంలో ఉన్నవాళ్లందరూ నవ్వారు. ఆచారి మాత్రం నవ్వుతూనే ఒక మాట అన్నాడు: "బేరమాడండమ్మా, మా నాయన కాలం నుంచి ఈ అంగట్లో బేరమాడినవాళ్లు లేరు, మాకూ కొంచెం అలవాటు కావాల." చివరికి లేసు పక్కల తీసేసి తలవైపు మాత్రం ఉంచాలని, ధర ఐదు వేల ఏడు వందలని ఇద్దరికీ కుదిరింది. ఆ బేరం జరిగినంతసేపూ నాకు మనసు తేలిగ్గా ఉంది. మరణం గురించి మా ఇంట్లో అంత హాయిగా మాట్లాడుకోవడం నేను ఎరగను.

పెట్టెను అప్పుడే కొని ఇంటికి తీసుకుపోదామని అత్త ఉద్దేశం. ఆయనే వద్దన్నాడు. మామిడి చెక్కను ఇంట్లో ఏళ్ల తరబడి పెడితే చెద పట్టి మంచాలకూ బీరువాలకూ పాకుతుందని, వానాకాలంలో పలకలు ఉబ్బి మూత సరిగా కూర్చోదని చెప్పి, అడ్వాన్సు ఇవ్వబోతే అది కూడా తీసుకోలేదు. దానికి బదులు ఒక అట్టముక్క మీద కొలతలు, చెక్క రకం, లేసు ఎక్కడిదాకా, ఒప్పుకున్న ధర, ఆ రోజు తేదీ రాసి, నకలు తన దగ్గర ఉంచుకొని అసలుది ఆమె చేతికిచ్చాడు. చెక్క ధర పెరిగితే ఆ తేడా మాత్రమే కలుపుతాననీ, కబురు అందిన ఐదారు గంటల్లో పెట్టె ఇంటి ముందు ఉంటుందనీ కింద ఒక వాక్యం కూడా రాశాడు. అత్త ఆ అట్టను బైబిలులో పెట్టుకున్నారు, దాని ఫోటోను పిల్లలందరి వాట్సాప్‌కూ పంపించారు. పిల్లలు మొదట కోప్పడ్డారు, తరువాత పెద్దకొడుకు ఫోన్ చేసి ఆ దుకాణం ఎక్కడుందని నన్ను అడిగి రాసుకున్నాడు.

టీ తాగుతూ ఆచారితో మాట్లాడిన మాటలు కూడా చెప్పాలి, ఎందుకంటే తన పని మీద ఆయనకు ఉన్న ఆసక్తి వాటిలో కనబడుతుంది. ఆస్ట్రియా చక్రవర్తి రెండవ జోసెఫ్ 1784లో చెక్క వృథా కాకూడదని, అడుగున తలుపు ఉండే పెట్టెలు వాడాలని ఆజ్ఞాపించిన సంగతి ఆయనకు చెప్పాను. శవాన్ని గుంట దాకా అందులో తీసుకుపోయి, అడుగు తలుపు తెరిచి కిందికి దించి, పెట్టెను మరొకరికి వాడేవారు. జనం ఎంతగానో వ్యతిరేకించడంతో మరుసటి ఏడే చక్రవర్తి ఆ ఆజ్ఞను వెనక్కి తీసుకున్నాడు. కథంతా విని ఆచారి అడిగిన మొదటి ప్రశ్న, "బందులు పొడుగు పక్క పెట్టినారా, పొట్టి పక్క పెట్టినారా సార్? బరువు మీద పడితే గొళ్లెం ఊడి రాదా?" అన్నది. శరీరాన్ని మోసే మంచం అందరికీ ఉమ్మడిగా మసీదులో ఉండే పద్ధతి మన ముస్లిం సోదరులకు ఎప్పటి నుంచో ఉందని, అది ఎంతో పొదుపైన పద్ధతని కూడా ఆయనే అన్నాడు. ఘానా దేశంలో అక్రా నగరం పరిసరాల్లో ‘గా’ అనే జాతివారు జాలరికి చేప ఆకారంలో, డ్రైవరుకు కారు ఆకారంలో పెట్టెలు చేయించుకుంటారని చెప్పి ఫోన్‌లో ఫోటోలు చూపిస్తే, ఆయన వాటిని పెద్దవి చేసుకొని చాలాసేపు చూశాడు. "చేపకు పొలుసులు చెక్కాలంటే ఎన్నో రోజులు కావాల. మన దగ్గర పొద్దున చెప్పి మధ్యాహ్నానికి కావాలంటారు. అయినా మామిడికాయ ఆకారంలో ఒకటి చేసి చూడాలని ఉంది" అన్నాడు.

లోపాలు లేకపోలేదు. పెట్టె పక్కలకు బిగించే బంగారు రంగు పిడులు ప్లాస్టిక్‌వి. అవి అలంకారానికే తప్ప బరువు ఆగవు, పెట్టెను అడుగు నుంచి చేతులు వేసి ఎత్తాలి. ఆచారి ఈ సంగతి నోటితో చెబుతాడు కానీ, ఆ గడబిడలో పెట్టె మోయడానికి వచ్చే కుర్రవాళ్లకు ఎవరు చెబుతారు? ఇనుప పిడులు బిగించి రెండు వందలు ఎక్కువ తీసుకున్నా ఎవరూ కాదనరు. రెండవది, తొందర పనిలో వార్నిష్ పూర్తిగా ఆరకముందే పెట్టె పంపిస్తారు, మూసిన గదిలో ఆ వాసనకు తల నొప్పి పుడుతుంది. మూత మీద అతికించే పేరు స్టిక్కరును బయట వేయించి తెస్తారు. నేను చూసిన ఒక స్టిక్కరులో ఇంటిపేరు తప్పుగా పడి ఉంది, కాబట్టి పేరు మీరే కాగితం మీద రాసి ఇవ్వడం మంచిది. ఇక బండి బాడుగ నల్లబల్ల మీద లేదు. అన్ని ధరలూ రాసిన మనిషి ఆ ఒక్కటీ ఎందుకు వదిలేశాడో నాకు అర్థం కాలేదు. అడిగితే ఊళ్లోకి ఎంతో, పల్లెలకు ఎంతో చెప్పాడు, ధరలు న్యాయంగానే ఉన్నాయి, అయినా ఆ వరుస కూడా బల్ల మీద ఉండి తీరాలి. పెద్దవాళ్లు కూర్చోవడానికి దుకాణంలో సొంత కుర్చీ ఒక్కటైనా లేదు.

ఇక్కడే ఫ్రీజర్ బాక్సు కూడా రోజు బాడుగకు దొరుకుతుంది. గాజు మూత శుభ్రంగా ఉంది, చల్లదనం బాగానే వస్తోంది. దానిలో బ్యాటరీ ఉండదు కాబట్టి కరెంటు పోతే ఏం చేయాలో ముందే ఆలోచించుకోవాలి. పిల్లలు దూరాల నుంచి రావలసిన ఇళ్లలో జనరేటరు మాట్లాడి పెట్టుకోవడం అవసరం. విమానంలో పంపవలసిన శరీరాలకు కావలసిన, లోపల రేకు పరిచి గాలి చొరకుండా మూసే పెట్టెలు ఈ దుకాణంలో చేయరు. ఆ మాట ముందే చెప్పి, చెన్నైలో విచారించుకోమంటారు.

దుకాణం రోజూ పొద్దున ఏడు నుంచి రాత్రి తొమ్మిది దాకా తెరిచి ఉంటుంది. రాత్రి వేళ అయితే షట్టర్ మీద రాసిన నంబరుకు ఫోన్ చేస్తే పైఅంతస్తు నుంచి దిగి వస్తారు. అమావాస్య నాడు ఆచారి పనిముట్లు ముట్టడు, కాబట్టి ఆ రోజు కొత్త పెట్టె చేయరు. మామూలు కొలతలలో సిద్ధంగా ఉన్నవి మాత్రం అమ్ముతారు. నవంబరు 2న సమాధుల పండుగకు ముందు వారమంతా సిలువలకు రంగులు వేసే పని మీద పడి ఉంటారు, పెట్టె చూసి మాట్లాడుకోవాలనుకునేవారు ఆ రోజులు తప్పించి, మధ్యాహ్నం మూడు గంటల తరువాత వెళ్తే ఆయన తీరికగా దొరుకుతాడు.